ఎవరు పెట్టిన మందు

ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో సైకిల్ రిపేరు షాపుకీ మిఠాయి కొట్టుకీ మధ్య స్వర్ణకుమారి రక్తపరీక్షల గది ఉంది. గది అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక తెర, ఒక మైక్రోస్కోపు, అంతే. అక్కడికి ఎవరు వెళ్ళినా సరే, సూది గుచ్చించుకునే ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి. ఏం మందులు వాడుతున్నారు? ఏమీ లేదంటే ఆవిడ వదలదు. తలనొప్పికి వేసుకున్నదేమిటి, పక్కింటావిడ ఇచ్చిందేమిటి, చెట్టు మందులాయన పోసిన పసరేమిటి, మీ ఇంటావిడ అన్నంలో కలిపిందేమిటి అని ఆరా తీస్తుంది. ఆఖరి ప్రశ్నకి కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆవిడ ఇల్లున్న ఝపటాపూర్‌లో తెలుగువాళ్ళు మాత్రం నవ్వరు.

ఆవిడకి కోపం ముక్కు మీద ఉంటుందని ఖరగ్‌పూర్‌లో అందరూ అంటారు. ఉంటుంది మరి. ఆ కోపమే లేకపోతే ఈపాటికి హిజ్లీ అవతల పెద్ద లేబొరేటరీలో ఫ్యాను కింద కూర్చుని, చెప్పిన చోటల్లా సంతకం పెడుతూ సుఖంగా ఉండేది.

స్వర్ణకుమారి తండ్రి తిమోతి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు బాగుచేసి రిటైరయ్యాడు. తాతల నాడు కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. కూతురు కలకత్తాలో పశువైద్యం చదువుతానంటే చర్చిలో పెద్దలు నోళ్ళు నొక్కుకున్నారు. ఆ చదువు అయ్యాక, చచ్చిన జంతువుల అవయవాలు కోసి జబ్బేమిటో చెప్పే పెథాలజీ ఇంకో రెండేళ్ళు చదివింది. దాంతో వచ్చిన ఒకటీ అరా సంబంధాలు కూడా వెనక్కి పోయాయి. పోతే పోనీ అంది ఆవిడ. తిమోతి కూడా ఆ మాటే అన్నాడు గానీ, కాస్త నెమ్మదిగా అన్నాడు.

కొత్త మందుని మనుషులకిచ్చే ముందు జంతువులకిచ్చి చూపించండని సర్కారు గట్టిగా అడగడం మొదలుపెట్టిన రోజులవి. మజుందార్ అనే ఆయన హిజ్లీ దాటాక రోడ్డు పక్కన ఒక టెస్టింగ్ లేబొరేటరీ తెరిచాడు. ఎలకలు, పంజరాలు, తూకాలు చూడటానికి చాలామంది ఉన్నారు. కోసిన ఎలక లోపల ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం స్వర్ణకుమారి ఒక్కతే. వీధిలో ఆవిడకి ఎలకల డాక్టరమ్మ అని పేరు పడింది. పిల్లలు అలా పిలిస్తే నవ్వేది, పెద్దవాళ్ళు పిలిస్తే ఒళ్ళు మండేది.

పని పద్ధతి చెప్పడానికి తేలిక. ఎలకల్ని గుంపులు చేస్తారు. ఒక గుంపుకి మందే ఇవ్వరు. మిగతా గుంపులకి కొంచెం, ఇంకొంచెం, బాగా ఎక్కువ ఇస్తారు. మూడు నెలలయ్యాక కోసి, కాలేయం, మూత్రపిండాలు, గుండె తీసి, మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలచగా చెక్కి, గాజు పలక మీద రంగులు వేస్తారు. అక్కడి నుంచి చూసే కన్ను ముఖ్యం. ఏ అవయవం మీదైనా అనుమానం వస్తే స్వర్ణకుమారి పలకల మీది గుర్తులన్నీ కప్పించేసి మళ్ళీ మొదటి నుంచి చూసేది. ఇది మందు తిన్న ఎలక అని తెలిస్తే లేని జబ్బుని కన్ను వెతుకుతుంది, యజమాని మొహం గుర్తొస్తే ఉన్న జబ్బు కూడా వదిలేస్తుంది అనేది.

ఆ ఏడు కీళ్ళనొప్పుల బిళ్ళ ఒకటి పరీక్షకి వచ్చింది. గులాబీ రంగు పూత వేసిన బిళ్ళ. చుట్టుపక్కల జిల్లాల్లో అప్పటికే అమ్ముతున్నారు. దేశమంతా అమ్ముకోవాలంటే ఎలకల పరీక్ష కావాలి. మందు తిన్న ఎలకల కాలేయాలు చూస్తుంటే స్వర్ణకుమారికి అనుమానం వచ్చింది. గుర్తులు కప్పించి మళ్ళీ చూసింది. మళ్ళీ అదే కనిపించింది.

మజుందార్ మంచిగా మాట్లాడే మనిషి. టీ తెప్పించాడు. "దీదీ, మందు తినని ఎలకల కాలేయాల్లో కూడా మచ్చలున్నాయి కదా? మరి దీన్ని మందు మీదకే ఎందుకు తోస్తున్నారు? ఎలకల్లో మామూలుగా కనిపించేవే అని రాసేస్తే పోలేదా?"

"ఆ మచ్చలు వేరు సార్. ఒకటో అరో, ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఏ ఎలకని కోసినా ఉంటాయి. మందు తిన్నవాటిలో ప్రతిచోటా నడిమి రక్తనాళం చుట్టూనే కణాలు చచ్చిపోయాయి. మందు పెంచినకొద్దీ ఆ చావూ పెరిగింది. ఇది మామూలు ఎలా అవుతుంది?"

"ఇంకోసారి చూడండి."

"చూస్తాను. ఎన్నిసార్లు చూసినా అవే కాలేయాలు."

టీ సగం తాగి లేచొచ్చేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మెట్ల మీద, పక్కన బట్టల మూటతో, గోడ అవతలి ఇంటి నూకాలమ్మ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. తిమోతి ఆ పిల్లకి గ్లాసులో టీ పోస్తున్నాడు.

"ఏటైంది నాన్నా?"

"నిజం సెప్పింది. అదే అయింది" అన్నాడు తిమోతి.

నూకాలమ్మ మొగుడు దేముడు వర్క్‌షాపులో ఫిట్టరు. సోంపేట దగ్గర నుంచి వాళ్ళ తాత వచ్చి చేరిన ఉద్యోగమే ఇంకా నడుస్తోంది. దేముడికి మోకాళ్ళు పోతున్నాయి. కాని బిళ్ళ మింగమంటే మింగడు. ముసలోళ్ళు మింగే బిళ్ళలు తనకెందుకంటాడు. ఆసుపత్రికి వెళ్తే మోకాళ్ళ సంగతి పైకి తెలిసి అన్‌ఫిట్ రాస్తారని భయం. రాత్రిళ్ళు మూలుగుతాడు. విని విని విసిగిపోయిన నూకాలమ్మ, తెలిసినవాళ్ళు చెప్పిన బిళ్ళలు కొట్లో కొని, రోట్లో నూరి, అన్నంలో కలిపి పెట్టేది. అతనికి చెప్పలేదు. నొప్పి తగ్గింది కూడా. అతను ఆ ఘనత తన గుండె ధైర్యానిదే అనుకున్నాడు.

తరవాత కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం సహించలేదు. రైల్వే ఆసుపత్రి డాక్టరు కామెర్లన్నాడు, మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. దేముడు లేదన్నాడు. అబద్ధం కాదు, పాపం, అతనికి తెలిస్తే కదా! పసరు పోయించారు, చెరుకు రసం తాగించారు, ఏదీ పనిచెయ్యలేదు. ఆ ఉదయం అత్త అప్పలనర్సమ్మ వంటింట్లోకి వచ్చేసరికి కోడలు మొగుడి కంచంలో గులాబీ రంగు పొడి కలుపుతోంది. ముసలమ్మ పెట్టిన కేకకి వీధి వీధంతా గుమ్మంలోకొచ్చింది.

"మందు ఎట్టినావేటే నా కొడుక్కి?" అని అడిగింది.

"ఎట్టినాను" అంది నూకాలమ్మ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దుర్గ పూజల కాడ నుంచి."

"ఎవులు సెప్పినారు? ఎవులి సేత ఎట్టించినావు?"

"ఎవులి సేతా కాదు. నా సేత్తోనే ఎట్టినాను."

మన భాష చేసిన పని చూడండి. డాక్టరు ఇచ్చేదీ మందే, పురుగుల్ని చంపేదీ మందే, మొగుణ్ణి కొంగుకి కట్టేసుకోడానికి మంత్రగాడి దగ్గర తెచ్చి కూట్లో కలిపేదీ మందే. డాక్టరు మందయితే వేస్తారు. కూట్లో కలిపితే మాత్రం పెట్టడమే, ఇక దానికి రెండో అర్థం లేదు. నూకాలమ్మ నిజంగానే అన్నంలో పెట్టింది కాబట్టి పెట్టినానంది. వీధికి ఇంకేం కావాలి? ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. మధ్యాహ్నానికి మూట బయటికొచ్చింది, మూట వెనకే మనిషి వచ్చింది.

స్వర్ణకుమారికి విషయం అర్థమవుతోంది. "ఏ బిళ్ళలే అవి?" అంది.

నూకాలమ్మ కొంగుముడి విప్పి మిగిలిన బిళ్ళలు చూపించింది. గులాబీ రంగువి. స్వర్ణకుమారి వాటిని చేతిలోకి తీసుకుని, పరీక్షకి వచ్చినవే అని పోల్చుకుంది. ఆ తరవాత బెంగాలీలో ఒక తిట్టు తిట్టింది. తిమోతి చర్చికి పెద్ద, అయినా విననట్టు ఊరుకున్నాడు.

ఆ వేళే వెళ్ళి గోడ అవతల చెప్పింది, ఇది బిళ్ళ చేసిన పని అని. అప్పలనర్సమ్మ కిటికీ రెక్క మొహం మీదే వేసేసింది. ఆసుపత్రి డాక్టరు దగ్గరకి వెళ్తే ఆయన శ్రద్ధగా విని, కావచ్చు అన్నాడు. కావచ్చును పట్టుకుని వీధిలోకి వెళ్తే ఎవరు వింటారు? అన్నిటికన్నా పెద్ద దెబ్బ తవిటయ్య కొట్టాడు. తవిటయ్య ఆ వీధి తెలుగువాళ్ళకి పెద్ద, రైలు పట్టాల పని చేయించి రిటైరైన గ్యాంగ్‌మేటు. ఆ బిళ్ళ పేరు నూకాలమ్మకి చెప్పింది ఆయనే. "నానూ రోజూ ఆ బిల్లే మింగుతన్నాను. నాకేటైంది?" అని నలుగురిలో అడిగాడు. అంటే ఆ పిల్ల బిళ్ళ పేరు చెప్పి ఇంకేదో పెట్టిందనే కదా.

ఇంతలో దేముడు కోలుకోవడం మొదలెట్టాడు. అన్నం సహించింది, కళ్ళలో పచ్చ విరిగింది. పొడి ఆగింది కాబట్టి కాలేయం తేరుకుంది. స్వర్ణకుమారి దృష్టిలో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. వీధికీ అక్కర్లేదు. అది వెళ్ళింది, వాడు బతికాడు, ఇంకేం రుజువు కావాలి అంది వీధి. మొగుడు బాగుపడుతున్నాడని గోడ ఇవతల సంతోషపడాలో, తన నేరం గట్టిపడుతోందని ఏడవాలో తెలీక నూకాలమ్మ అన్నం మానేసింది.

"నన్ను సోంపేట పంపేత్తారంట అప్పా. మా ఊర్లోన కూడా ఈ మాటే తెలుత్తాది. మందు ఎట్టినదానికి నీలైనా ఎవులిత్తారు?" అంది.

"నువ్వు ఎక్కడికీ వెళ్ళవు. ముందు తిను" అని కసిరింది స్వర్ణకుమారి. కసరడం తప్ప ఏం చెయ్యాలో ఆవిడకీ తోచలేదు.

ఇలా రెండు మూడు వారాలు గడిచాక ఒక శనివారం మజుందార్ మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆ బిళ్ళ తయారుచేసే కంపెనీ మనిషి కూడా పక్కన కూర్చున్నాడు. సంతకం ఇవాళే కావాలన్నారు. స్వర్ణకుమారి ఉన్నదంతా చెప్పింది, ఎలకల సంగతే కాదు, దేముడి సంగతి కూడా. ఈ బిళ్ళ కాలేయానికేమీ చెయ్యదని నేను సంతకం పెడితే, ఒక అమ్మాయి మొగుడికి విషం పెట్టిందని కూడా సంతకం పెట్టినట్టే అంది.

మజుందార్ చెడ్డవాడైతే ఇంత ఇబ్బంది ఉండేది కాదు, ఆయన ఒక ఉపాయం కూడా చెప్పాడు. "ఎలకలకి ఏదో ఇన్ఫెక్షన్ అని రాయండి దీదీ. ఆ అమ్మాయి మొగుడికీ ఇన్ఫెక్షనే అని మీ వీధిలో చెప్పండి. కావాలంటే మన లేబొరేటరీ తరఫున నేనే వచ్చి చెప్తాను. ఆ అమ్మాయీ బయటపడుతుంది, మనమూ బయటపడతాం."

ఇది వినడానికి ఎంత బాగుందంటే స్వర్ణకుమారి ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించింది. నూకాలమ్మ మూట విప్పుకుని తన ఇంట్లోకి వెళ్ళిపోవడం కళ్ళముందు కనిపించింది. కావలసింది అదే కదా? కాని ఆ వెనకే ఇంకో వంటింట్లో ఇంకో రోలు కూడా కనిపించింది.

"ఇన్ఫెక్షన్ అయితే మందు తినని కంట్రోల్ ఎలకలకి ఎందుకు రాలేదు సార్? పక్కపక్క పంజరాలే కదా. మందు చూసి ఎవరిని పట్టుకోవాలో తెలుసుకునే ఇన్ఫెక్షన్ నేను చదువుకోలేదు" అంది.

కంపెనీ మనిషి గొంతు పెంచాడు. ఇక్కడి విషయాలు బయట మాట్లాడితే కోర్టుకి లాగుతామన్నాడు.

"లాగండి. కోర్టులో మైక్రోస్కోపు పెట్టించండి, నేనే తీసుకొచ్చి చూపిస్తాను" అని స్వర్ణకుమారి తెల్లకోటు విప్పి ఆయన ముందున్న బల్ల మీద పడేసింది. వాళ్ళు కలకత్తా నుంచి ఇంకొకరిని పిలిపించి సంతకం పెట్టించుకున్నారని తరవాత తెలిసింది. ఆ సంతకం పెట్టినాయన పలకలన్నీ మధ్యాహ్నం భోజనానికి ముందే చూసేశాడట. ఆవిడ సర్కారు మందుల శాఖకి చేసిన ఫిర్యాదుకి ఈనాటికీ జవాబు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడ పళ్ళు నూరుతుంది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి వీధి కుళాయి దగ్గర పెద్దలు కూర్చున్నారు. తవిటయ్య కుర్చీలో, దేముడు తువ్వాలు కప్పుకుని గుమ్మం మెట్టు మీద, అప్పలనర్సమ్మ కొడుకు వెనకాల. నూకాలమ్మ ఒక్కతీ నిలబడి ఉంది. సోంపేట బండి ఎక్కించి పంపేద్దామని తేలిపోయింది, దేముడికి వేరే పిల్లని చూసుకోవచ్చు. స్వర్ణకుమారి చర్చి చీరలోనే మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"మందు పెట్టింది ఈ పిల్ల కాదు. కంపెనీ పెట్టింది. ఆ బిళ్ళ తిన్న ఎలకల కాలేయాలు చచ్చిపోవడం నేను నా కళ్ళతో చూశాను" అంది.

"ఎలకలకీ మనకీ ఏటి సంబంధం, డాక్టరమ్మా?" అన్నారెవరో. కొందరు నవ్వారు.

"సంబంధం నేకపోతే సర్కారు ఎలకల మీద ఎందుకు పరీచ్చ పెట్టిత్తాది?" అని వెనక నుంచి తిమోతి అరిచాడు. ఆయన మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

తవిటయ్య చెయ్యెత్తాడు. "అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నీ మాట కాదనను. కానీ ఆ బిల్ల నానూ తింటన్నాను కదా. నాను మనిసిని కానేటి?"

ఆయన మొహం మీద నల్లకళ్ళద్దాలున్నాయి. ఆ వేసవిలో కంటిపొర తీయించుకున్నప్పటి నుంచి ఆయన వాటిని నిద్రలో తప్ప తియ్యడు. ఆ తరవాత స్వర్ణకుమారి ఆయన్ని అంతసేపు అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. గూడకట్టు వదులైపోయింది. పక్కన తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు.

"మామా, అన్నం సయిస్తందా?"

"ఎండలు కదమ్మా. ఏటీ తినబుద్దవనేదు."

"ఆ అద్దాలు తియ్యి."

"ఎండ పడకూడదన్నారు."

"ఒక్క నిమిషం తియ్యి మామా."

ఆయన తీశాడు. ఎండలో ఆ కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళు చూశారు, వెనకవాళ్ళు చూడటానికి తోసుకున్నారు. కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది, ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు.

"నీకెవరు పెట్టినారు మామా, మందు?" అంది స్వర్ణకుమారి. "అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. నీ కూడు నువ్వే వండుకుంటావు. నీకు ఎవరు పెట్టినారు?"

"ఈ డాక్టరమ్మే ఎట్టిందేమో" అని వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. అంత మొండితనం చూసి స్వర్ణకుమారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆవిడ ఏదో అనబోయేలోగా తవిటయ్యే అటు తిరిగి, "నోర్ముయ్" అన్నాడు. బనీను జేబులో చెయ్యి పెట్టి గులాబీ బిళ్ళలు తీశాడు. "ఇది నానే సెప్పినాను, ఆ గుంటకి. నానే సెప్పినాను" అని రెండుసార్లు అని, బిళ్ళలు ఆవిడ చేతిలో పెట్టేశాడు.

తరవాత అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టారు. తమ ఇంట్లోనూ ఆ బిళ్ళలున్నాయని ఒకరు, తమ అత్తకీ అన్నం సహించడం లేదని ఇంకొకరు. ఆ గోలలో దేముడు లేచి పెళ్ళాం దగ్గరకొచ్చాడు.

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే తిందువా?"

అతను తల వంచుకుని, "పద ఇంటికి" అన్నాడు.

నూకాలమ్మ కదల్లేదు. అప్పలనర్సమ్మ ముందుకొచ్చి మూట అందుకోబోయింది. "పోనీలే, అయిందేదో అయింది. రా" అంది. నూకాలమ్మ మూట ఇవ్వలేదు.

"నువ్వు సెప్పాల అత్తా, నాను రావాలంటే."

"ఏటి సెప్పాల? నా కోడలు మందు ఎట్టనేదు అనాల, అంతే కదా. ఎట్టనేదు. సరా?"

"అది కాదు. ఎట్టినాను. అబద్దం నాకొద్దు" అంది నూకాలమ్మ. ఇన్నాళ్ళూ నేలకేసే చూసిన కళ్ళు ఇప్పుడు పైకెత్తింది. "నా కోడలు మందు ఎట్టింది, నా కొడుకు నొప్పి సూడనేక ఎట్టింది అని సెప్పు."

అప్పలనర్సమ్మ కొడుకు వంక చూసింది, తవిటయ్య వంక చూసింది. ఎవరూ ఆదుకోలేదు. గొంతులోనే గొణిగింది.

"ఇనబడనేదు" అంది నూకాలమ్మ. "ఆ పొద్దు అరిసినావు కదా, అంత గట్టిగా అను."